బియెల్సాకు పెద్ద కప్పులు లేవు కదా, మరి ఇంతమంది కోచ్‌లు అతన్ని గురువు అని ఎందుకంటారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అర్జెంటీనాకు చెందిన ఫుట్‌బాల్ కోచ్ మార్సెలో బియెల్సా కెరీర్ మొత్తం తిరగేశారు, యూరప్‌లో లీగ్ టైటిల్ గానీ ఛాంపియన్స్ లీగ్ గానీ ఒక్కటీ కనిపించలేదు. అయినా గ్వార్డియోలా, పొచెట్టినో లాంటి పేరున్న కోచ్‌లు అతని పేరెత్తితే చేతులు జోడిస్తారు. ఇది ఉత్త భజనా, లోపల ఏమైనా సరుకు ఉందా? చూడటం మొదలుపెడితే ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలి?

భజన కొంత ఉంది, సరుకు అంతకంటే ఎక్కువే ఉంది. కప్పులు గెలిపించే కోచ్‌గా బియెల్సాది రెండో వరస. చేతికొచ్చిన ఆటగాడిని మార్చే కోచ్‌గా మొదటి వరస. ఈ రెండూ వేర్వేరు సంగతులు కావు. జట్టును ఏ పద్ధతి పైకి లేపుతుందో అదే పద్ధతి సీజన్ చివర్లో దాన్ని కూలదోస్తుంది. అతని కెరీర్‌ని ఈ కళ్లద్దాలతో చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

నేను హైదరాబాద్‌లో స్కూలు పిల్లలకు ఫుట్‌బాల్ కోచింగ్ ఇస్తాను. రాత్రిపూట మ్యాచ్ వీడియోలు కట్ చేసి పెట్టుకోవడం అలవాటు. అతని డ్రిల్స్ కొన్ని మా పిల్లల మీద వాడి చూశాను కాబట్టి ఆ ధైర్యంతో రాస్తున్నాను.

ముందు ఒక సవరణ. అసలేమీ గెలవలేదన్నది నిజం కాదు. అర్జెంటీనాలో న్యూవెల్స్ ఓల్డ్ బాయ్స్‌తో 1990-91 టైటిల్, 1992 క్లౌసురా (సీజన్ రెండో సగపు లీగ్), తర్వాత వెలెజ్‌తో 1998 క్లౌసురా గెలిచాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అర్జెంటీనాకు స్వర్ణం తెచ్చాడు. ఆ టోర్నీ మొత్తంలో జట్టు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, టెవెజ్ ఒక్కడే 8 గోల్స్ కొట్టాడు. 2020లో లీడ్స్ యునైటెడ్‌తో ఇంగ్లండ్ రెండో డివిజన్ గెలిచాడు. జాబితా చిన్నదే, కానీ ఖాళీ కాదు.

ఇక మనిషి సంగతి. 1955లో రొసారియోలో పుట్టాడు. లాయర్లు, రాజకీయాలు ఉన్న కుటుంబం. అన్న రఫాయెల్ తర్వాత దేశానికి విదేశాంగ మంత్రి అయ్యాడు. మార్సెలో మాత్రం డిఫెండర్‌గా ఓ మోస్తరుగా ఆడి, పాతికేళ్లకే బూట్లు విప్పేసి, కోచింగ్‌లోకి వచ్చేశాడు. న్యూవెల్స్ యూత్ విభాగంలో పని చేసే రోజుల్లో దేశం మ్యాప్‌ను 70 ముక్కలుగా విడదీసి, పాత ఫియట్ 147 కారులో ఊరూరా తిరిగి పిల్లల్ని వెతికేవాడు. గురువు హోర్హె గ్రిఫాతో కలిసి అర్ధరాత్రి దాటాక మర్ఫీ అనే చిన్న ఊళ్లో ఒక ఇంటి తలుపు తట్టిన కథ మీరు వినే ఉంటారు. తల్లిదండ్రుల్ని లేపి, నిద్రపోతున్న కుర్రాడి దుప్పటి తీయించి, కాళ్లు చూసి, "వీడు ఫుట్‌బాల్ ఆడే కాళ్లున్నవాడు" అని తేల్చారట. ఆ కుర్రాడే మారిసియో పొచెట్టినో. ఈ కథను పొచెట్టినోనే చాలాసార్లు చెప్పాడు.

నాకు మాత్రం ఆ కాళ్ల కథ కంటే 70 ముక్కల మ్యాప్ ఎక్కువ నచ్చుతుంది. ప్రతిభ బ్యూనస్ ఎయిర్స్‌లోనే పుడుతుందని అందరూ కూర్చున్నచోటే కూర్చుంటే, ఇతను పెన్సిల్ పట్టుకుని ఏ మూల ఇంకా చూడలేదో లెక్క వేసుకున్నాడు. అర్జెంటీనాలో అతన్ని 'ఎల్ లోకో', అంటే పిచ్చోడు, అంటారు. ఈ పిచ్చిలో లెక్క ఎక్కువ.

1992లో మరో సంగతి జరిగింది. దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద టోర్నీ కోపా లిబర్టడోరెస్‌లో న్యూవెల్స్ సొంతగడ్డ మీద సాన్ లొరెంజో చేతిలో 0-6తో ఓడిపోయింది. వేరే ఎవరైనా అయితే పద్ధతి మార్చి డిఫెన్స్ బిగించి గట్టెక్కేవారు. అతను పద్ధతిని ముట్టుకోలేదు, మనుషుల స్థానాలు మార్చాడు. అదే జట్టు ఆ ఏడాది లీగ్ గెలిచి, లిబర్టడోరెస్ ఫైనల్ దాకా వెళ్లి, టెలె సాంటానా నడిపిన సావో పౌలో చేతిలో పెనాల్టీల్లో ఓడింది. పట్టిన పట్టు విడవకపోవడం ఇక్కడ పనిచేసింది. పదేళ్ల తర్వాత అదే ముంచింది. అక్కడికి వస్తాను.

అసలు ఆ పద్ధతి ఏంటి?

చాలామంది 'ప్రెస్సింగ్' (బాల్ ఉన్నవాడి మీదికి వెంటనే ఎగబడటం) అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగమే. మూలం మ్యాన్ మార్కింగ్. ప్రత్యర్థి ఒక్క స్ట్రైకర్‌తో (అందరికంటే ముందుండి గోల్ కొట్టేవాడు) ఆడితే వెనక ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు (మధ్యలో ఆడే డిఫెండర్లు), ఇద్దరు స్ట్రైకర్లతో ఆడితే ముగ్గురు. అంటే వెనక ఎప్పుడూ ఒకడు అదనం. మిగతా మైదానమంతా ఒకరికి ఒకరు. నీ మనిషి నీళ్లు తాగడానికి వెళ్తే నువ్వూ వెళ్లాలి, దాదాపు ఆ లెక్క. వెనక ఒకడు అదనంగా ఉన్నాడు కాబట్టి ముందు ఒకడు తక్కువ పడతాడు, ఆ ఒక్క స్ట్రైకర్ ఇద్దరి వెంట పరిగెత్తాలి. బాల్ దొరికిన క్షణం మాత్రం అందరూ ఒకేసారి ముందుకు, అడ్డంగా పాసులు ఆడుకుంటూ కూర్చోవడం ఉండదు. ప్రత్యర్థికి ఊపిరి సలపనివ్వరు, సరే. మన వాళ్లకూ సలపదు.

దీన్ని మా అండర్-15 పిల్లలతో ఆడించినప్పుడు మొదట్లో అద్భుతంగా నడిచింది. ఎదుటి జట్టు పిల్లలకు బాల్ అందుకుని తల ఎత్తే టైమే లేదు. తర్వాత వాళ్ల కోచ్ తన మిడ్‌ఫీల్డర్‌తో చెవిలో ఏదో చెప్పాడు. ఆ పిల్లాడు బాల్‌తో సంబంధం లేకుండా సైడ్‌లైన్ వైపు నింపాదిగా నడక మొదలుపెట్టాడు. మావాడు తోకలా వెంటే వెళ్లాడు. మధ్యలో లారీ పట్టేంత ఖాళీ. వాళ్ల డిఫెండర్ ఆ ఖాళీలోంచి బాల్ తోసుకుంటూ నేరుగా గోల్ దాకా వచ్చేశాడు. మావాడు నా వైపు తిరిగి, "సార్, వాడు ఊరికే నడుస్తున్నాడు, నేనేం చేయాలి?" అన్నాడు.

ఆ ప్రశ్నే బియెల్సా జట్లకు ఎదురయ్యే అసలు ప్రశ్న. వదిలేస్తే నీ మనిషి ఫ్రీ, వెంట వెళ్తే మధ్యలో ఖాళీ. దీనికి అతని జవాబు ట్రైనింగే. వదలాలా వద్దా అన్నది ఆలోచించకుండా శరీరమే నిర్ణయించేదాకా అవే సందర్భాలు మళ్లీ మళ్లీ ఆడించడం. అందుకే అతని దగ్గర ఆడినవాళ్లు మిగతా జీవితంలో ఆటను వేరే కళ్లతో చూస్తారు. అందులో చాలామంది కోచ్‌లు కావడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. న్యూవెల్స్ జట్టు నుంచి పొచెట్టినో, తర్వాత బార్సిలోనాకు, అర్జెంటీనాకు కోచ్ అయిన హెరార్డో మార్టినో, ఎడ్వార్డో బెరిస్సో. అతని అర్జెంటీనా జట్టు నుంచి సిమియోనె, గయార్డో, అల్మెయిడా, క్రెస్పో. గ్వార్డియోలా అతని దగ్గర ఆడలేదు, కోచింగ్ మొదలుపెట్టక ముందు 2006లో అర్జెంటీనా వెళ్లి గంటల తరబడి కూర్చుని మాట్లాడి వచ్చాడు.

మరి కప్పులెందుకు రాలేదు? ఇక్కడ అభిమానులు ఒక సాకు చెబుతారు: "అతను చిన్న క్లబ్బులే ఎంచుకున్నాడు." సగం నిజం. 2002 ప్రపంచకప్‌లో అతని చేతిలో ఉన్నది అర్జెంటీనా, చిన్న జట్టు కాదు.

దక్షిణ అమెరికా క్వాలిఫయర్స్‌లో 18 మ్యాచ్‌ల్లో 43 పాయింట్లు, ఒకే ఒక్క ఓటమి. బాటిస్టుటా, క్రెస్పో, వెరోన్, సిమియోనె, ఒర్టెగా, జానెట్టి, ఐమార్. అందరూ ఫేవరెట్ అన్న జట్టు. జపాన్‌లో నైజీరియా మీద 1-0 గెలిచి, ఇంగ్లండ్ చేతిలో 0-1 ఓడి, స్వీడన్‌తో 1-1 డ్రా చేసుకుని గ్రూప్ దశలోనే ఇంటికొచ్చింది. ఇంగ్లండ్‌తో పోయిన ఆ పెనాల్టీ ఇచ్చింది ఎవరో తెలుసా? పొచెట్టినోనే. ఓవెన్ పడ్డాడు, బెక్‌హామ్ కొట్టాడు.

దురదృష్టం ఉంది, కాదనను. డిఫెండర్ అయాలా మొదటి మ్యాచ్ వార్మప్‌లోనే గాయపడ్డాడు. యూరప్ సీజన్ ముగించుకుని వచ్చిన కాళ్లన్నీ అప్పటికే బరువెక్కి ఉన్నాయి. కానీ నా లెక్కలో ఇది దురదృష్టం మాత్రమే కాదు. బాటిస్టుటాను, క్రెస్పోను కలిపి ఆడించమని దేశమంతా మొత్తుకున్నా వినలేదు. ఒకే సెంటర్ ఫార్వర్డ్ (స్ట్రైకర్) అన్నది అతని సూత్రం, ఒకడు దిగితేనే ఇంకొకడు ఎక్కాలి. స్వీడన్ వెనక్కి వెళ్లి పెనాల్టీ బాక్స్ చుట్టూ గోడ కట్టుకున్నాక కూడా సైడ్‌ల నుంచి క్రాస్ మీద క్రాస్ వేస్తూనే పోయారు. 1992లో 0-6 తర్వాత కనీసం మనుషుల స్థానాలు మార్చాడు కదా, ఇక్కడ అదీ కనబడలేదు. పరుగుల మీద కట్టిన జట్టుకు కాళ్లు లేనప్పుడు రెండో ప్లాన్ లేదు. గురువైనా సరే, ఇది అతని ఖాతాలోనే రాయాలి.

2004లో దక్షిణ అమెరికా దేశాల కప్పు కోపా అమెరికా ఫైనల్ కూడా చేతికందినట్టే అంది జారిపోయింది. చివరి క్షణాల్లో అడ్రియానో సమం చేశాడు, పెనాల్టీల్లో బ్రెజిల్ గెలిచింది. నెల తర్వాత ఒలింపిక్ స్వర్ణం, ఆపై సెప్టెంబర్‌లో రాజీనామా.

చిలీ (2007-2011) మాత్రం మీరు తప్పకుండా చదవాల్సిన అధ్యాయం. ప్రపంచకప్‌లో 1962 తర్వాత ఒక్క మ్యాచ్ కూడా గెలవని దేశం అది. ఇతను అలెక్సిస్ సాంచెజ్, విడాల్, మెడెల్, ఇస్లా లాంటి కుర్రాళ్లను పట్టుకుని క్వాలిఫయర్స్‌లో బ్రెజిల్‌కు ఒక్క పాయింట్ వెనక రెండో స్థానంలో నిలిపాడు. 2010లో హోండురస్, స్విట్జర్లాండ్ మీద గెలిచి, బ్రెజిల్ చేతిలో 0-3తో బయటికొచ్చారు. చిలీ ఫుట్‌బాల్ సంఘం ఎన్నికల్లో తనను తెచ్చిన అధ్యక్షుడు ఓడిపోవడంతో బియెల్సా వెళ్లిపోయాడు. తర్వాత అతని శిష్యుడినని బాహాటంగా చెప్పుకునే సాంపావోలి అదే తరంతో 2015లో కోపా అమెరికా గెలిచాడు. చిలీకి అది మొదటి కోపా. 2016లో పిజ్జి మళ్లీ గెలిపించాడు. కాగితం మీద ఆ రెండు కప్పులు బియెల్సావి కావు. కానీ చిలీవాళ్లను అడిగి చూడండి, ఎవరి పేరు ముందు చెబుతారో.

మా గ్రౌండ్‌కి వచ్చే తండ్రులు ప్రతి టోర్నమెంట్ తర్వాత అడిగే మొదటి ప్రశ్న "కప్పు వచ్చిందా సార్?" అనే. తప్పు లేదు, ఫీజు కట్టేవాళ్లు అడగాలి. నేను మాత్రం ఆరు నెలల కిందటి వీడియో, ఈ నెల వీడియో పక్కపక్కన పెట్టి చూపిస్తాను. బియెల్సా కెరీర్‌ని కూడా ఇలాగే చూడాలంటాను: అతను రాకముందు ఆ ఆటగాడు ఎలా ఉన్నాడు, వెళ్లిపోయాక ఎలా ఉన్నాడు.

స్పెయిన్‌లోని అథ్లెటిక్ బిల్బావోలో 2011-12 చూడండి. బాస్క్ ప్రాంతపు ఆటగాళ్లతోనే ఆడే క్లబ్, పైసలు కుమ్మరించి ఎవరినో కొనే వీలు లేదు. ఆ జట్టు ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను 3-2తో, ఇంటి దగ్గర 2-1తో కొట్టింది. రెండు ఫైనల్స్ చేరి రెండూ 0-3తో ఓడింది. యూరోపా లీగ్‌లో ఓడించింది అతని పాత ఆటగాడు సిమియోనె నడిపిన అట్లెటికో మాడ్రిడ్, స్పెయిన్ కప్పు కోపా డెల్ రే ఫైనల్‌లో ఓడించింది గ్వార్డియోలా బార్సిలోనా. అప్పటికి బిల్బావో ఆటగాళ్ల కాళ్లు కదలడం లేదన్నది టీవీలో చూసినా తెలిసిపోయేది. ఆ వేసవిలోనే హావి మార్టినెజ్‌ను బేయర్న్ మ్యూనిక్ 4 కోట్ల యూరోలకు తీసుకెళ్లింది. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే అతన్ని సెంటర్ బ్యాక్‌గా మార్చి ఆడించింది బియెల్సానే.

మార్సెయ్, లాజియో, లిల్ క్లబ్బుల మీద ఎక్కువ రాయను. మార్సెయ్‌లో సగం సీజన్ దాకా పట్టికలో పైన ఉండి నాలుగో స్థానంలో ముగించాడు, మరుసటి సీజన్ మొదటి మ్యాచ్ అవగానే ప్రెస్ మీట్‌లో రాజీనామా చెప్పేశాడు. లాజియోలో రెండు రోజులు. లిల్‌లో కొన్ని నెలలు. మేనేజ్‌మెంట్‌తో అతనికి పడదు, మాట ఇచ్చి నిలబెట్టుకోకపోతే ఆ క్షణమే సంచి సర్దుకుంటాడు. మీరు ఒక క్లబ్ ఓనర్ అయితే ఇది చిన్న లోపం కాదు.

ఇక లీడ్స్. అభిమానం లేకుండా రాయడం నాకు కష్టం, క్షమించాలి. 2018లో వచ్చేసరికి ఆ జట్టు రెండో డివిజన్‌లో 13వ స్థానంలో ముగించి ఉంది. అతను జట్టునంతా మార్చలేదు. ఎయిలింగ్, కూపర్, డలాస్, వేరే క్లబ్‌లో లోన్ మీద ఆడి అప్పుడే తిరిగొచ్చిన క్లిక్, అందరూ ఉన్నవాళ్లే. కాల్విన్ ఫిలిప్స్‌ని డిఫెన్స్ ముందు కూర్చునే మిడ్‌ఫీల్డర్‌గా మార్చాడు. మూడేళ్లలో ఆ కుర్రాడు యూరో ఫైనల్‌లో ఇంగ్లండ్ తరఫున ఆడాడు.

ట్రైనింగ్‌లో 'మర్డర్‌బాల్' అనే ఆట ఉండేది. పదకొండు మందికి పదకొండు మంది, ఫౌల్ లేదు, త్రో లేదు, కార్నర్ లేదు. బాల్ బయటికి పోతే గీత మీద నిలబడ్డ కోచ్ ఆ క్షణమే ఇంకో బాల్ లోపలికి విసురుతాడు. ఆగడమనేదే ఉండదు. హైదరాబాద్‌లో ఏప్రిల్ సాయంత్రం దీన్ని పెడితే మా పిల్లలు ఐదు నిమిషాలకే మోకాళ్ల మీద చేతులు పెట్టేస్తారు. అందుకని చిన్న చిన్న ముక్కలుగా, మధ్యలో నీళ్ల బ్రేక్‌తో ఆడిస్తాను. అయినా దాని ఫలితం కనిపిస్తుంది: బాల్ పోయిందని తల పట్టుకుని నిలబడే అలవాటు పోతుంది.

లీడ్స్ ఆటగాళ్లతో చెత్త ఏరించిన సంగతి కూడా చెప్పాలి. ఇక్కడి మామూలు మనిషి ఒక టికెట్ కొనాలంటే ఎన్ని గంటలు పనిచేయాలని అడిగాడు. సుమారు మూడు గంటలన్నారు. ఆటగాళ్లను మూడు గంటలు ట్రైనింగ్ సెంటర్ చుట్టూ చెత్త ఏరమన్నాడు.

2019 జనవరిలో డెర్బీ కౌంటీ ట్రైనింగ్ గ్రౌండ్ దగ్గర లీడ్స్ మనిషి ఒకడు నక్కి చూస్తూ దొరికిపోయాడు. పెద్ద గొడవ. బియెల్సా ప్రెస్ మీట్ పెట్టి, అవును, పంపింది నేనే, ప్రతి ప్రత్యర్థి దగ్గరికీ పంపాను అని కుండబద్దలు కొట్టాడు. ఆపైన డెర్బీ ఆడిన 51 మ్యాచ్‌లను తన బృందం ఎలా విశ్లేషించిందో కంప్యూటర్ తెరిచి విలేకరులకు చూపించాడు. రెండు లక్షల పౌండ్ల జరిమానా పడింది, తన జేబు నుంచే కట్టాడు. నిజం చెప్పాలంటే వీడియో పని చేసేవాళ్లకు ఆ ప్రెస్ మీట్ ఒక పాఠం. కానీ అదే డెర్బీ ఆ ఏడాది ప్లేఆఫ్ (పై డివిజన్‌కు వెళ్లే చివరి చోటు కోసం పోటీ) సెమీఫైనల్‌లో, లీడ్స్ సొంత మైదానం ఎలండ్ రోడ్‌లోనే 4-2తో కొట్టి లీడ్స్‌ను బయటికి పంపింది. 51 మ్యాచ్‌ల విశ్లేషణ అలసిన కాళ్లకు అక్కరకు రాలేదు.

అదే సీజన్ చివర ఆస్టన్ విల్లాతో మ్యాచ్‌లో ప్రత్యర్థి ఆటగాడు గాయంతో పడి ఉండగా క్లిక్ గోల్ కొట్టాడు. బియెల్సా గీత దగ్గరికొచ్చి, వాళ్లకూ ఒక గోల్ ఇచ్చేయండని అరిచాడు. లీడ్స్ డిఫెండర్ యాన్సన్ ఒక్కడు తప్ప అందరూ పక్కకు తప్పుకున్నారు. 1-1. ఫిఫా ఆ ఏడాది ఫెయిర్ ప్లే అవార్డు ఇచ్చింది.

మరుసటి ఏడాది 93 పాయింట్లతో డివిజన్ గెలిచి, 16 ఏళ్ల తర్వాత లీడ్స్ ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చింది. మొదటి సీజన్ 59 పాయింట్లు, 9వ స్థానం. రెండో సీజన్‌లో గాయాలు మొదలయ్యాయి. చిన్న స్క్వాడ్‌తోనే నడుస్తానన్నది అతని పంతం. ఫిలిప్స్, కూపర్, బామ్‌ఫోర్డ్ ముగ్గురూ లేకపోయినా ఆట మాత్రం అదే, ఒకరికి ఒకరు. 2022 ఫిబ్రవరి ఒక్క నెలలో 20 గోల్స్ ఇచ్చారు. లివర్‌పూల్ 6, టాటెన్‌హామ్ 4. టాటెన్‌హామ్ మ్యాచ్ మర్నాడే తీసేశారు. తీసేయడం తప్పని నేననను. ఆ జట్టు అప్పటికి రెలిగేషన్ (కింది డివిజన్‌కు పడిపోవడం) అంచున ఉంది. అయినా నగరంలో గోడల మీద అతని బొమ్మలు అలాగే ఉన్నాయి.

2023 మేలో ఉరుగ్వేకు కోచ్ అయ్యాడు. సువారెజ్, కవానీల తరాన్ని పక్కకు జరిపి, వాల్వెర్దె, ఉగార్తె, అరావుహో, నూన్యెజ్ చుట్టూ జట్టు కట్టాడు. ఆ అక్టోబర్‌లో బ్రెజిల్‌ను 2-0, నవంబర్‌లో ప్రపంచ ఛాంపియన్ అర్జెంటీనాను వాళ్ల బొంబొనెరా స్టేడియంలోనే 2-0తో ఓడించాడు. 2024 కోపాలో మూడో స్థానం. ఆ తర్వాత కథ మీకు ఊహకు అందే ఉంటుంది: జాతీయ జట్టు నుంచి రిటైరైన సువారెజ్ బయటికొచ్చి, శిబిరంలో వాతావరణం బాగోలేదని, ఆటగాళ్లతో కోచ్ మాట్లాడడని ఘాటుగా విమర్శించాడు. జట్టు ఆట మందగించింది, కానీ 2026 ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. మొదట ఉప్పెన, తర్వాత అలసట, చివర కీచులాట. అన్నిచోట్లా ఇదే వరస.

ఇక ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలన్నారు. అతను గెలిచినవి చూడకండి. 2020 సెప్టెంబర్, ఆన్‌ఫీల్డ్, లివర్‌పూల్ 4 - లీడ్స్ 3. కోవిడ్ వల్ల స్టాండ్లు ఖాళీ, కాబట్టి కోచ్‌ల అరుపులు కూడా వినిపిస్తాయి. పదహారేళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్‌లో లీడ్స్ మొదటి మ్యాచ్, ఎదురుగా ఛాంపియన్లు. మొదటిసారి బాల్‌ని చూడండి, హాయిగా ఉంటుంది. రెండోసారి బాల్‌ని వదిలేసి కాల్విన్ ఫిలిప్స్ ఒక్కడినే చూడండి: ఎప్పుడు తన మనిషి వెంట వెళ్తున్నాడు, ఎప్పుడు వదిలేసి మధ్యలో నిలబడుతున్నాడు. ఆ తర్వాత ఇంకేమైనా సందేహం ఉంటే కింద రాయండి, నిమిషం నంబర్‌తో సహా రాస్తే నేనూ ఆ క్లిప్ తెరిచి చూసి జవాబిస్తాను.